బొడ్డు మీది బిళ్ళ

స్నానం చేయించి తుడుస్తుంటే బిడ్డ ముక్కు కొంచెం అరిగి తువ్వాలకు అంటుతుంది. స్వరూప తువ్వాల దులుపుతుంది. గచ్చు మీద సన్నటి స్టీలు పొడి రాలుతుంది. నిన్న కనుబొమలు ఇలాగే పోయాయి. బిడ్డ ఏడవదు. పాల కోసం పెదవులు చాపుతుంది. ఆ పెదవులు కూడా గోటితో గీసిన గీతంతే మిగిలాయి.

తప్పు తనదేనని స్వరూపకు తెలుసు. ఏడ్చి ఏడ్చి బిడ్డ బొడ్డు ఉబ్బితే, రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డతో కట్టమంది అత్త కొమురమ్మ. తన డబ్బాలోంచి పాత బిళ్ళ తీసి ఇచ్చింది కూడా. మందంగా, నల్లగా, మీద అచ్చేసిన కంకుల గింజలు ఒక్కొక్కటీ వేలికి తగిలే బిళ్ళ. అది ఎవరెవరి చేతుల్లో తిరిగిందోనని స్వరూపకు భయం. కిరాణా కొట్టులో చిల్లరగా వచ్చిన కొత్త బిళ్ళను వేడినీళ్ళలో ఉడకబెట్టి కట్టింది. అది తళతళలాడుతోంది గానీ, దాని మీద సింహాలకు మొహాలు సరిగా పడలేదు. అంకె అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంది. బొడ్డు అణగడానికి సింహాలతో పనేముందిలే అనుకుంది.

బొడ్డు అణిగింది. దాని చుట్టూ పొట్ట మీద గుండ్రటి అంచు లేచింది.

కొమురమ్మ మనవరాలిని ఒళ్ళో వేసుకుని నుదుటి మీద గోటితో కొడుతుంది. చెవి దగ్గర పెట్టి వింటుంది.

"మోగుతలేదు బిడ్డా. టప్పుమంటుంది."

"దవాఖానకు తీస్కపోనా అత్తమ్మా?"

"ఆళ్ళు జరం జూస్తరు. గిది అచ్చు పని. అచ్చు కొట్టే కాడికే పో. మొఖం మొత్తం పోయినంక ఎవల పిల్లని అడిగితే ఏం జెప్తవ్?"

బస్సులో కండక్టరు బిడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పుతాడు.

"ఇటు బొమ్మ లేదు, అటు బొరుసు లేదు. గిసొంటిది తీస్కుంటే మల్ల నా దగ్గర ఎవలు తీస్కోరు చెల్లే."

"నేను మీకు ఇస్తలేనన్నా. నా బిడ్డ."

"అందరు గట్లనే అంటరు," అని ఆయన తిరిగి ఇచ్చేస్తాడు. బొటనవేలు తగిలిన చోట ఎడమ చెంప నున్నబడింది. స్వరూప కొంగు కప్పుతుంది. కొంగు కూడా అరగదీస్తుందేమోనని మళ్ళీ తీసేస్తుంది.

నాణేలు కొట్టే గది తలుపు దగ్గర నుంచి చూస్తే చిన్నదే. లోపల దెబ్బ పడినప్పుడల్లా ఎదుటి గోడ జానెడు వెనక్కి జరుగుతుంది. స్వరూప దెబ్బకూ దెబ్బకూ మధ్య పరుగెత్తి చివరికి చేరుకుంటుంది. అక్కడ ఒకామె చెవుల్లో దూది పెట్టుకుని, రోలు ముందు కూర్చున్నట్టు యంత్రం ముందు కూర్చుని ఉంది.

"అచ్చు అరిగింది," అంటుంది, బిడ్డను చూడకుండానే. "అరిగినదాంతోని ఎంత గుద్దినా గింతే పడ్తది. కొత్త అచ్చు తియ్యాలె. పిల్ల మొఖం ఎట్లుండె, చెప్పు."

స్వరూప నోరు తెరుస్తుంది. ఇన్నాళ్ళూ జ్వరముందేమోనని బిడ్డ నుదురు తాకింది. ఊపిరి ఆడుతోందా అని ముక్కు కింద వేలు పెట్టింది. పాలు కక్కితే మూతి తుడిచింది. మొహం మొత్తాన్ని మాత్రం ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. అన్ని దిష్టుల్లోకీ తల్లి దిష్టి చెడ్డదనీ, నిద్రపోయే బిడ్డను తల్లి చూడొద్దనీ పెద్దవాళ్ళన్నారు. ఎందుకైనా మంచిదని ఆమె మెలకువగా ఉన్న బిడ్డనూ నిండుగా చూడలేదు.

"చూడలే అక్కా."

"అయితే నీ మొఖమే ఇయ్యాలె. పిల్ల నీ పోలికేనా?"

"మా అత్తమ్మ అంటది. తిట్టేటప్పుడు."

"గదే చాలు."

స్వరూప చల్లటి ఇనుము మీద మొహం ఆనిస్తుంది.

"తేలిగ్గ కొట్టకక్కా. బిడ్డ ముసల్దయ్యేదాక అరగొద్దు."

దెబ్బ పడుతుంది. స్వరూప మొహం లోపలికి పోతుంది. ముక్కున్న చోట ముక్కంత గుంట, పెదవులున్న చోట పెదవులంత గుంట. యంత్రం ముందామె ఆ గుంటలో బిడ్డ మొహాన్ని అదిమి తీస్తుంది. కనుబొమలు, ముక్కు, గడ్డం, అన్నీ వేలికి తగిలేంత ఎత్తుగా పడ్డాయి. నుదుటి మీద గోటితో కొడితే ఖంగుమంటుంది. అది బిడ్డ ఏడుపు.

ఇంటి దగ్గర కొమురమ్మ మనవరాలిని గుర్తుపడుతుంది. కోడలి వైపు చూసి, "నీ మొఖమేది?" అంటుంది.

"బిడ్డకున్నది అత్తమ్మా."

"సరే, ఎల్లెలకల పండుకో. గుంటల నీళ్ళు పోస్త, మొఖం లెక్క నిండుతది."

స్వరూప వాకిట్లో వెల్లకిలా పడుకుంటుంది. చెంబెడు నీళ్ళు ఆమె మొహంలో అంచుల దాకా నిలుస్తాయి. బిడ్డ పాకుతూ వచ్చి ఆ నీళ్ళ మీదికి వంగుతుంది. నీళ్ళ అడుగు నుంచి స్వరూప మొదటిసారి ఆ మొహాన్ని నిండుగా చూస్తుంది. దిష్టి తగులుతుందని కళ్ళు మూసుకోబోతుంది. రెప్పలు లేవు.

బిడ్డ నవ్వి నీళ్ళలో చెయ్యి పెడుతుంది. మోచేయి మునుగుతుంది, భుజం మునుగుతుంది. చిన్న వేళ్ళు ఇంకా తల్లిని వెతుక్కుంటూ కిందికి వస్తూనే ఉన్నాయి.