నువ్వు ఖాళీయే కదా

"గురువారం పొద్దున నువ్వు ఖాళీయే కదా, అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించుకురా" అన్నాడు మా ఆయన, బూటు లేసు కట్టుకుంటూ. నేను సింకు దగ్గర లంచ్ డబ్బాల మూతలు తోముతున్నాను. రబ్బరు పట్టీ కింద ఇరుక్కున్న జిడ్డు ఎంత గోకినా రావడం లేదు.

"నేను ఖాళీ అని మీకెవరు చెప్పారు?"

"తెలుస్తుందిలే" అని నవ్వి, స్కూటర్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన పళ్ళ డాక్టరు. సొంత క్లినిక్. అక్కడి రిసెప్షనిస్టు మానేశాక మళ్ళీ ఎవరినీ పెట్టలేదు. "ఇంట్లో కంప్యూటరమ్మ ఉండగా ఇంకొకరెందుకు?" అని స్నేహితుల ముందు జోకు వేస్తాడు, వాళ్ళు నవ్వుతారు, నేను కాఫీ కప్పులు పోగు చేస్తాను. పేషెంట్లకు ఫోన్లు చేసేది నేను. దూది, గ్లవ్స్, మత్తు మందు పెట్టెలు దించుకునేది నేను. "కుర్చీలో కూర్చునే ఉద్యోగమేగా, అలసటేంటే నీకు?" అంటుంది అత్తయ్య, మోకాళ్ళకు నాచేత నూనె రాయించుకుంటూ. ఈమధ్య ఇంకో వింత మొదలైంది. నాకు ఏ గంట తీరికో నాకంటే ముందు మా ఆయనకే తెలుస్తోంది. ఆ గంటలో ఏదో ఒక పని వచ్చి కూర్చుంటోంది. ఇంత పెద్ద ఇంటికి ఇన్ని పనులు మామూలేలే అనుకుని చేసుకుపోతున్నాను. అనుమానించడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

ఆ ఓపికంతా నేను ఇంకోదానికి దాచుకున్నాను. ఆఫీసులో టీం లీడు పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ పిలుపు కోసం రోజూ మెయిల్ తెరిచి చూస్తున్నాను. రావడం లేదు.

ఆరోజు మధ్యాహ్నం మేనేజరు మేడం నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఏమ్మా, ఇంటర్వ్యూకి రానంటే దరఖాస్తు ఎందుకు పెట్టినట్టు?"

"నేను రానన్నానా?"

"రెండుసార్లు టైం ఇచ్చాను. రెండుసార్లూ వద్దన్నావు. ఆడవాళ్ళతో ఇదే గొడవని పైన పెద్దాయన నా ముందే అన్నాడు. తల కొట్టేసినట్టయింది."

ఆమె కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. 'క్షమించండి, ఆ సమయంలో కుటుంబ బాధ్యతలు ఉన్నాయి.' కింద నా పేరు. నేను రాసింది కాదు. కానీ నేను రాసి ఉండగల వాక్యమే. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఇంకోసారి చదివాను.

ఈ ఆఫీసులో నా పని తలుపులు పెట్టడం. ఒక కంపెనీవాళ్ళ బిల్లుల ప్రోగ్రామో, స్టాకు ప్రోగ్రామో ఉద్యోగుల మెయిల్లోకీ క్యాలెండర్లోకీ వెళ్ళి కావలసినది తెచ్చుకునేలా దారి కడతాను. ఏ ప్రోగ్రాం లోపలికి వెళ్ళబోయినా ముందు తెర మీద ఒక చిన్న పెట్టె లేస్తుంది: 'ఇది మీ మెయిల్ చదవాలనుకుంటోంది. ఒప్పుకుంటారా?' అది విసుగ్గా ఉంది, తీసేయమని కస్టమర్లు గొడవ చేస్తారు. తీయనని నేను గొడవ చేస్తాను. మనిషి సామాను ముట్టుకునే ముందు మనిషిని అడగాలి కదా అంటాను. అలా అని మీటింగుల్లో గట్టిగా వాదించి, ఇంటికెళ్ళి డబ్బాలు తోముకుంటాను.

కాబట్టి ఆ జవాబు ఎవరు పంపారో పట్టుకోవడం నాకు కష్టం కాలేదు. పంపింది మనిషి కాదు. మా ఆయన క్లినిక్ అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం. మా హాల్లో డెస్క్‌టాప్ మీద నా ఆఫీసు మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పక్కనే ఆ ప్రోగ్రాం ఎక్కించుకుని, నా మెయిల్‌నీ క్యాలెండర్‌నీ దానికి అప్పజెప్పాడు. అందులో నేను 'సిబ్బంది'. నా ఖాళీ గంట కనపడితే అది పని పెడుతుంది. ఆ గంటకు ఇంకెవరైనా పిలిస్తే నా పేరుతో మర్యాదగా వద్దని చెప్పి, ఆ పిలుపును చెత్తబుట్టలో పడేస్తుంది.

"సరే, కంగారు పడకు. చివరి టైం ఇవాళ నాలుగింటికి ఉంది. ఇప్పుడే పంపిస్తున్నా. నువ్వు ఒప్పుకుంటేనే నీ పేరు వాళ్ళ జాబితాలో పడుతుంది" అంది మేడం, మౌసు అందుకుంటూ.

నాలుగింటికి. ఫోన్లో నా క్యాలెండర్ తెరిచాను. నాలుగింటి గడిలో అప్పటికే ఏదో ఉంది: 'క్లినిక్ సరుకు దించుకోవాలి.'

"మేడం, పంపకండి!"

ఆమె వేలు ఆగిపోయింది. పంపి ఉంటే మూడోసారి కూడా నా పేరుతో వద్దని జవాబు వెళ్ళిపోయేది. నేను తలుపులు పెట్టేదాన్ని కదా, మూయడం కూడా తెలుసు. ఫోన్లోనే నా ఖాతా తెరిచాను. లోపలికి రావడానికి అనుమతి ఉన్న ప్రోగ్రాంలన్నీ వరసగా ఉన్నాయి. పంటి బొమ్మ ఉన్నదాని మీద నొక్కాను. 'తొలగించాలా?' అని నన్ను అడిగింది. యంత్రానికి ఆపాటి మర్యాద ఉంది. తొలగించాను. నాలుగింటి గడిలోని సరుకును కూడా తీసేశాను.

"ఇప్పుడు పంపండి."

పిలుపు వచ్చింది. నా వేలితో నేనే ఒప్పుకున్నాను. మేడం మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపింది.

ఇంటర్వ్యూ గది బయట కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏమోయ్, సిస్టంలో ఏదో తేడా వచ్చింది. నీ క్యాలెండర్ కనపడట్లేదు."

"తేడా కాదండీ. నేనే తీసేశాను."

"తీసేశావా? ఎందుకు?"

"పెట్టేటప్పుడు నన్నడిగారా?"

"అదేదో పెట్టె ఊరికే లేచి, ఒప్పుకుంటారా ఒప్పుకుంటారా అని ప్రాణం తీస్తుంటే, 'ఇంకెప్పుడూ అడగొద్దు' అని నొక్కేశా. దానికి ఇంత రాద్ధాంతమా? ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా పర్మిషన్లేంటి, విడ్డూరం కాకపోతే?"

తలుపు తీసి ఎవరో నా పేరు పిలిచారు. లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

"వింటున్నావా? సరుకు బండి బయల్దేరిందట. నాకు పేషెంటున్నాడు. సరేనమ్మా తల్లీ, అడుగుతున్నాను, చాలా? నాలుగింటికి వస్తావా?"

మా పెళ్ళయ్యాక నా సమాధానం ఏమిటో ముందే తెలియకుండా మా ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"రాను" అన్నాను.