బల్ల ఆదివారం

“మింగుమంటున్ననా? జర నోట్లేస్కొని ఉమ్మెయ్యి,” అన్నాడు తిమోతి, మూడు బీరు గ్లాసులు భార్య ముందుకు జరుపుతూ.

ప్రిస్కిల్లా చేతులకు ఇంకా మసాలా ఉంది. మంచిర్యాల రోడ్డు మీది వాళ్ల బార్ అండ్ రెస్టారెంటులో వంటంతా ఆమెదే, పేరు మాత్రం తిమోతిది. ఇప్పుడతనికి ఏ బీరుకు ఏ వంటకం కుదురుతుందో మెనూలో వేయించాలన్న కోరిక పుట్టింది. అతని నాలుకకేమో అన్ని బీర్లూ ఒక్కతీరే. “నీ నాలుక మంచిది,” అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ నాలుక పొడుగని అత్త దెబోరా అంటూనే ఉంది, కత్తిరించాలని అతనూ అన్నాడు. మంచిదనడం ఇదే మొదలు.

కానీ ప్రిస్కిల్లా చర్చిలో స్త్రీల సమాజం ముందు చెయ్యెత్తి, మందు ముట్టనని ప్రమాణం చేసిన మనిషి. అందుకే నెల మొదటి ఆదివారం చర్చిలో అందరికీ రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు ద్రాక్షరసం తీసే పని ఆమెకిచ్చారు. వాళ్ల చర్చిలో వైన్ వాడరు. శనివారం తల మీద కొంగు కప్పుకుని, పళ్లు ఉడికించి తెల్లగుడ్డలో పిండుతుంటే, ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ ఆమెను కేకేయరు. ఇంతమంది సంసారంలో తనదంటూ ఉన్నది ఆ కాసేపే. అది పోతే ఎట్లా?

“తొందరగ కానియ్యి, గిరాకీ వస్తది.”

పుక్కిలించి ఉమ్మింది. చేదుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా పాడు నాలుక దాని పని అది చేసింది. లైట్ బీరుకు నిమ్మకాయ పిండిన పల్లీలు, స్ట్రాంగుకు కారంగా కార్జం వేపుడు, గోధుమ బీరుకు కొర్రమట్ట చేప. మెనూకు మంచి పేరొచ్చింది. తిమోతి ఊరుకుంటేగా! చర్చి బయట పదిమందిలో గొప్పలు పోయాడు. “మొత్తం మా ఆమెనే రుచి చూసి చెప్పింది!” అది విన్న పాస్టరమ్మ ముఖం మాడిపోయింది.

ఆ శనివారం అత్త ద్రాక్షపళ్ల సంచి తీసుకెళ్లి పక్కింటి షారోన్‌కు ఇచ్చి వచ్చింది. “బీరు సప్పరిచ్చినదానివి, గా చేతులతోని ప్రభువు రసం పిండుతవా?”

“నేను తాగలే అత్తమ్మా, ఆయననే...”

తిమోతి ఫోన్లోంచి తలెత్తలేదు. అమ్మినవాడికి అంటని పాపం ఉమ్మినదానికి అంటింది.

మర్నాడు బల్ల దగ్గర అందరితోపాటు మోకరించింది. చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకుని వరసగా అందిస్తున్నది తిమోతే. చందాలు బాగా ఇస్తాడు, సంఘపెద్ద మరి. ఆమె దగ్గర వంగి, “నువ్వు గీ నెల ఆగు. పాస్టరమ్మ చెప్పింది,” అని పక్కామె దగ్గరకు జరిగాడు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ప్రిస్కిల్లాకు తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎవరికి చెప్పుకుని ఏడవాలి?

మధ్యాహ్నం తిమోతి వంటగదిలోకి కొత్త బీరు సీసా తెచ్చి గ్లాసులో పోశాడు. “దీనికేం పెడుదాం? జర చూసి ఉమ్మెయ్యి.”

గ్లాసు ఎత్తి సగం తాగింది. ఆగి, మిగతా సగం కూడా తాగింది.

“మింగినవా?” బిత్తరపోయాడు తిమోతి.

“మింగిన. శిక్ష పొద్దుగాలనే పడ్డది గద. తప్పు గిప్పుడు చేసిన.”