వెనకాల ఎంత వదిలావ్?

మా అన్నయ్య ఆలోచిస్తున్నాడంటే కొట్టులో ఏదో ఒకటి పాడవబోతోందని అర్థం. ఇది నేను కుళ్ళుతో అంటున్న మాట కాదు. ఇస్త్రీ పెట్టెకి గంట కట్టింది ఆయనే. బట్ట మాడబోతుంటే మోగాలని ఆయన ఉద్దేశం. అది మాడిపోయాక మోగేది. ఆ వాసనకి మేం ముందే పరిగెత్తుకొచ్చి నిలబడి ఉండేవాళ్ళం. దారపు కండెలన్నీ నెత్తిన పెట్టుకునే టోపీ ఒకటి చేశాడు. దాన్ని పెట్టుకుని ఓ పూట మిషను తొక్కిన పాపానికి మా వదిన మెడ వారం రోజులు ఒకే వైపు చూసింది. వీధిలో అందరూ ఆయన్ని సైంటిస్టు అంటారు. అది వెక్కిరింపని ఆయనకి తెలియదు, బిరుదనుకుంటాడు.

మాది కుట్టుపని కొట్టు. అమ్మ పెట్టింది. ముందుగదిలో రెండు మిషన్లు, ఒక పొడవాటి బల్ల. వెనకాల తానులు పెట్టుకునే చిన్న గది. ఆ చిన్న గదిని అన్నయ్య ఆలోచన గది చేసుకున్నాడు. తలుపు మీద ‘ఆలోచన జరుగుతున్నది, తట్టరాదు’ అని అట్టముక్క వేలాడదీశాడు. గొప్ప సంగతులన్నీ ఏకాంతంలోనే పుడతాయని ఆయన సిద్ధాంతం. ఆ ఏకాంతంలోంచి మాకు ఎక్కువగా వినిపించింది గురకే.

పనంతా నేనూ వదినా చేసేవాళ్ళం. పెళ్ళయి పక్క పేటకి వెళ్ళినా నేను పొద్దున్నే ఇక్కడికే వస్తాను. కత్తిరింపు నాది, కుట్టు వదినది. మాకు పెద్ద ఖాతా ఒకటే, ఊళ్ళో పెద్దాస్పత్రి. రోగులు వేసుకునే గౌన్లు మేమే కుట్టి ఇస్తాం. ఆ గౌను సంగతి ఎప్పుడైనా మంచం ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు నుంచి చూస్తే మర్యాదగానే ఉంటుంది. వెనకాల మెడ దగ్గరొక ముడి, నడుం దగ్గరొక ముడి, మిగతాదంతా దైవాధీనం. ఎంతటి పెద్దమనిషైనా సరే, అది తొడుక్కున్నాక ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని నడవాల్సిందే.

మా కొట్టులో కొలతలు రాసుకునే అలవాటు లేదు. అమ్మ రోజుల నుంచీ అంతా నోటిమాటే. నేను కత్తిరించిన ముక్కల్ని బల్ల మీద అవతలికి తోస్తాను. వదిన అందుకుని, “వెనకాల ఎంత వదిలావ్?” అంటుంది. “రెండు వేళ్ళు” అంటాను. అంచుకి వదిలిన ఆ రెండు వేళ్ళ బట్ట చూసుకుని ఆవిడ మడత పెట్టి కుడుతుంది. ప్రతి కట్టకీ అదే ప్రశ్న, అదే జవాబు. మేం అడుగుతున్నామనీ చెబుతున్నామనీ మాకే తెలిసేది కాదు.

అలాంటిది కత్తెర దగ్గర చెడింది.

అది అమ్మ కత్తెర. నల్లగా, బరువుగా ఉంటుంది. అమ్మ పోయాక ఆవిడ గాజులు పంచుకున్నాం, గిన్నెలు పంచుకున్నాం. కత్తెరని పంచుకోవడం కుదరదు కాబట్టే మీ అన్నాచెల్లెళ్ళు ఇంకా ఒకే కొట్టులో ఉన్నారని మా ఆయన అంటూ ఉంటాడు. ఆ కత్తెరకి ఒకటే నియమం. దాంతో బట్ట తప్ప ఇంకేమీ కొయ్యకూడదు, అందులోనూ కాగితం అసలు కొయ్యకూడదు. కాగితం తగిలిన కత్తెర బట్టని కొయ్యదు, నములుతుంది. కుట్టుపనివాళ్ళ ఇళ్ళల్లో ఇంకా మాటలు రాని పిల్లలు కూడా ఆ కత్తెర పట్టుకుని కాగితం జోలికి వెళ్ళరు.

ఒకరోజు పొద్దున తాను పరిచి కత్తెర పెడితే అది బట్టని నమిలింది. తిప్పి చూస్తే రెండు రెక్కలు కలిసేచోట బ్రౌన్ పేపరు పీలిక ఇరుక్కుని ఉంది. ముందురోజే వదిన తన కూతురి బడి పుస్తకాలకి బ్రౌన్ పేపరు అట్టలు వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“వదినా, అట్టలు కోసుకోవడానికి నీకు ఈ కత్తెరే దొరికిందా?”

“నా అట్టలు నేను బ్లేడుతో కోసుకున్నాను. మొన్న బీరువా అరల్లో కాగితాలు మార్చింది ఎవరు? నువ్వేగా?”

“అవి చేత్తో చింపాను!”

“చింపినట్టు లేవు మరి, గీత గీసినట్టున్నాయి.”

“నా చెయ్యి అంత తిన్నగా చింపుతుంది.”

మాటకి మాట పెరిగింది. ఆవిడ మా అమ్మ పెంపకం దాకా వెళ్ళింది, నేను వాళ్ళమ్మ వంట దాకా వెళ్ళాను. ఇద్దరం వెళ్ళకూడనంత దూరం వెళ్ళాక అక్కడే నోళ్ళు కట్టేసుకున్నాం. అన్నయ్య ఇదంతా నిలబడి విన్నాడు. గుటకలు మింగాడు. “నాకేదో ఆలోచన వస్తోంది” అని గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

మాటలు ఆగిపోయాయని ఆస్పత్రి పని ఆగదు కదా. కత్తెర సాన పట్టించుకొచ్చాను. బల్లకి ఇటు నేను, అటు వదిన. నేను ముక్కలు తోస్తే ఆవిడ అందుకునేది, నా మొహం మాత్రం చూసేది కాదు. వెనకాల ఎంత వదిలానో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఒకసారి మాత్రం లేచి వెళ్ళి గది తలుపు తట్టింది.

“ఏమండీ, వెనకాల ఎంత వదిలిందో మీ చెల్లెల్ని అడిగి చెప్పండి.”

నేను అక్కడే ఉన్నాను. నాకు చెవులున్నాయి. నన్నడిగితే కదా నేను చెప్పేది! అన్నయ్య లోపల్నుంచి “ఆఁ, ఆఁ” అన్నాడు. ఆ మాట అక్కడే, ఆ గదిలోనే పడి నిద్రపోయింది.

ఇప్పుడు మా బుద్ధులు ఎలా పనిచేశాయో చెప్పాలి. వదిన కోపంకొద్దీ లోపలికి ఎక్కువ మడిచి, గౌన్లు బిగుతైపోతే నా కత్తిరింపు మీదికి తోస్తుందని నా అనుమానం. అందుకని నా మీదికి మాట రాకుండా వెనక ఎడమ ముక్కని జానెడు వెడల్పు పెంచి కోశాను. నేను కసికొద్దీ బట్ట తగ్గించి కోసి ఉంటానని ఆవిడ అనుమానం. అందుకని వెనక కుడి ముక్కకి జానెడు పట్టీ అతికింది. తీరా కుట్టేసరికి వెనకాల ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నడుం మధ్యలో నాడా కుడదామంటే అక్కడ అంచే లేదు. అంచులు చెరో పక్కకీ పోయాయి. మామూలు మనిషైతే అక్కడైనా నోరు విప్పి అడుగుతుంది. మా వదిన ప్రాణం పోయినా అడగదు. అంచు ఎక్కడుంటే అక్కడే నాడా కుట్టి, దానికి జోడు నాడాని పక్క కుట్టులో దోపేసింది. అలా ఎడమ తుంటి దగ్గరొక ముడి, కుడి తుంటి దగ్గరొక ముడి తయారయ్యాయి. అన్ని గౌన్లూ అలాగే కుట్టి కట్టలు కట్టి గుమ్మంలో పడేసింది. అన్నయ్య ఒక్కటైనా విప్పి చూడకుండా ఆస్పత్రిలో దింపేసి వచ్చాడు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. గౌన్లు కుట్టినవాళ్ళు వెంటనే రావాలట. ఖాతా పోయిందనుకున్నాం. ఆ ఖాతా పోతే మా కొట్టులో మిగిలేది గంట ఉన్న ఇస్త్రీ పెట్టె. నేనూ వదినా ఒకే బస్సెక్కి, మధ్యలో ఒక సీటు వదిలి కూర్చుని వెళ్ళాం.

పెద్ద నర్సు వార్డు గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో మా గౌను ఉంది.

“ఇది ఎవరి పని?” అంది.

“ఈవిడదే” అన్నాను నేను.

“కత్తిరించింది తనేనండీ, నేను ఉన్నదున్నట్టు కుట్టానంతే” అంది వదిన.

పెద్ద నర్సు వరండా వైపు చూపించింది. ఒక ముసలాయన మా గౌను వేసుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. అందులో వింతేముందో నాకు కాసేపు తట్టలేదు. తరవాత తట్టింది. ఇన్నేళ్ళలో ఆ వరండాలో రెండు చేతులూ ఊపుకుంటూ నడిచిన రోగిని నేను చూడలేదు. ఆయన తిరిగొచ్చి మా దగ్గర ఆగాడు.

“కుట్టింది మీరేనా అమ్మా? ఆపరేషనైన దగ్గర్నుంచీ మంచం దిగాలంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. మా కోడలొస్తే గోడకి వీపు ఆనించి నిలబడేవాణ్ణి. ఇవాళ తనతో కలిసి కిటికీ దాకా వెళ్ళొచ్చాను.”

వదిన మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

“ముడి వాళ్ళంతట వాళ్ళే వేసుకుంటున్నారు. మమ్మల్ని పిలవడం లేదు. ఇకమీదట అన్నీ ఇలాగే కావాలి” అంది పెద్ద నర్సు. “ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?”

“నాది” అన్నాం ఇద్దరం.

కొత్త వస్తువంటే ఎవరి మెదడులోంచో ఊడిపడుతుందని జనం అనుకుంటారు. మాది మూతిముడుపుల్లోంచి పుట్టింది. పుట్టీ పుట్టగానే దానికి ఇద్దరు తల్లులు తయారయ్యారు. నేను వెడల్పు పెంచకపోతే ఆవిడ పట్టీ ఎందుకు పనికొచ్చేదని నేను. నేను నాడా పక్కకి జరపకపోతే ఆ వెడల్పు నేల ఊడవడానికి పనికొచ్చేదని ఆవిడ. ఎవరెంత వదిలారో, ఎవరెంత కలిపారో, ఇవన్నీ ఒకరికొకరం చెప్పుకోలేదు. చెరో పక్కనుంచీ అన్నయ్య చెవిలో పోశాం. ఆయన రెండు వైపులా తల ఊపాడు.

ఇంతలో ఆస్పత్రి వార్షికోత్సవం వచ్చింది. గౌను కనిపెట్టినవాళ్ళు వేదిక మీదికొచ్చి రెండు మాటలు చెప్పాలన్నారు, అదీ ఒక్కరే. కొట్టు యజమానిని కాబట్టి నేనే మాట్లాడతానన్నాడు అన్నయ్య. అద్దం ముందు నిలబడి సాధన కూడా మొదలుపెట్టాడు. సభ రోజు వదిన ఆయన చొక్కా బొత్తాలు పెడుతూ నాకు వినపడేట్టు అంది:

“చూడండీ, కనిపెట్టింది నేనని అక్కడ చెప్పకపోతే నా మిషను మా అక్క ఇంటికి పోతుంది. దాని వెనకే నేను.”

“అన్నయ్యా, నేనని చెప్పకపోతే అమ్మ కత్తెర నాతో వచ్చేస్తుంది. నువ్వు నీ గంటతో కోసుకో బట్టలు” అన్నాను నేను.

ఉత్త బెదిరింపులు కావవి. మా వీధిలో నేను ఒక గది మాట్లాడుకున్నాను. వదిన మిషను మరలు వదులు చేసి పెట్టుకుంది, నా కళ్ళతో చూశాను. అమ్మ కొట్టు ఆ సాయంత్రం తరవాత ఉంటుందో రెండు ముక్కలవుతుందో మా అన్నయ్య నోటిమాట మీద ఉంది. ఆ నోటి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ పూటంతా నాకు అన్నం సహించలేదు.

సభలో మొదటి వరసలో నేనూ వదినా కూర్చున్నాం, మధ్యలో ఖాళీ కుర్చీ. అన్నయ్య మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“సృజన అనగా ఏకాంతంలో మనసు చేయు...”

అక్కడ మమ్మల్ని చూశాడు. ముందు నన్ను, తరవాత వదినని, తరవాత ఖాళీ కుర్చీని. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పక్కనే కూర్చున్న పెద్ద డాక్టరు సాయం చేద్దామనుకున్నాడు పాపం.

“అసలు మీకీ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పండి.”

అన్నయ్య రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆలోచన ఎవరికీ రాలేదండీ. మా ఆవిడా మా చెల్లెలూ మాట్లాడుకోలేదు, అంతే. ఆవిడ కుట్టు మీద నమ్మకం లేక ఈవిడ జానెడు వదిలింది. ఈవిడ కత్తిరింపు మీద నమ్మకం లేక ఆవిడ జానెడు కలిపింది. ఎంత వదిలిందో అడిగి చెప్పమంటే నేను అడగలేదు. అడిగుంటే మీకు పాత గౌనే వచ్చేది.”

జనం నవ్వారు. డాక్టరు కూడా నవ్వి, “మాట్లాడుకోకపోవడం ఎందుకు?” అన్నాడు.

అన్నయ్య తల దించుకున్నాడు. అద్దం ముందు సాధన చేసిన గొంతు కాదది. చిన్నప్పుడు అమ్మ ముందు నిలబడినప్పటి గొంతు.

“బట్టల కత్తెరతో కాగితం కోసింది నేనండీ. నేనూ ఒక గౌను తలపెట్టాను, గొడుగులా తెరుచుకుని మూసుకునేది. దానికి బ్రౌన్ పేపరుతో నమూనా కోశాను. తప్పని తెలుసు. వాళ్ళు ఒకరినొకరు అనుకుంటుంటే చెప్దామనే వెళ్ళాను. భయమేసి గదిలోకి పోయాను.”

హాలంతా చప్పట్లు. ఎంత వినయమో అనుకుంటున్నారు అందరూ. ఆయన చేసిన నేరం ఎంతటిదో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. బ్రౌన్ పేపరు దొరికిన రోజు మాకు ఆయన మీద అనుమానం కూడా రాలేదు. ఎలా వస్తుంది? మా అన్నయ్య ఆలోచన ఏదైనా కత్తెర దాకా వెళ్ళడం మేం ఎప్పుడైనా చూస్తే కదా!

ఖాళీ కుర్చీ మీదుగా వదిన వైపు చూశాను. ఆవిడ అప్పటికే నన్ను చూస్తోంది. ముందు ఎవరు మాట్లాడాలన్నది ఇంకో తగువవుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ లేచి ఆ ఖాళీ కుర్చీలోకి జరిగి కూర్చుంది.

“వెనకాల ఎంత వదిలావ్?” అంది.

“జానెడు.”

“నేనూ జానెడే కలిపాను.”

కసిలో కూడా ఇద్దరం ఒకే కొలత. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎన్నాళ్ళుగా ఆ ఒక్క ప్రశ్న కోసం మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది.

“అంత అక్కర్లేదు. నువ్వు రెండు పక్కలా కాస్త తక్కువగా వదులు, నేను పట్టీ మానేస్తాను, ఒకే ముక్కలో వచ్చేస్తుంది” అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూనే.

వేదిక మీద అన్నయ్యకి పూలగుత్తి ఇస్తున్నారు. ఆయన మమ్మల్ని పక్కపక్క కుర్చీల్లో చూశాడు. సంతోషపడాలో పారిపోవాలో తేల్చుకోలేక పూలగుత్తిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఆ గది తలుపు మీది అట్టముక్క పీకెయ్యాలి” అన్నాను.

“అట్టముక్కేమిటి, తలుపే ఊడదీద్దాం. ఇన్ని గౌన్లకి మన బల్ల ఎక్కడ చాలుతుంది? ఆ తలుపుని బల్ల పక్కన వేసుకుందాం” అంది వదిన. “ముందు ఆయన్ని కిందికి దిగి రానీ.”