దొర్లుడు కర్ర

ఆరు దుంగలు జారిపడ్డాయి. ఆరోదాని కింద అత్తగారి కాలుంది.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కట్టెల షెడ్డు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ తల కింద తన శాలువా మడిచి పెడుతోంది కోడలు. అవతల మొగుడు, ఆఫీసులో ఉన్నాడు. ఏమీ ముట్టుకోవద్దంటున్నాడు. బస్సులు ఆగిపోయాయట, ఇద్దరు మగాళ్ళని వెంటబెట్టుకుని నడిచే రావాలట, గంట పడుతుందట.

"నీ బొమ్మలు పట్టుకుని దిగావంటే మాత్రం ఒక్కటి మిగల్చను. అన్నీ పొయ్యిలో పెట్టి షెడ్డుకి తాళం వేస్తా. ముందే చెప్తున్నా."

బొమ్మలంటే ఆమె చేతులతో చేసుకున్న పనిముట్లు. వాటి ఇనుము పొయ్యిలో ఎర్రబడుతుందే గాని కాలదని ఆమెకి తెలుసు. కర్రలు మాత్రం కాలతాయి. వాటికి పట్టిన రెండు చలికాలాలూ కాలతాయి.

షెడ్డు బయట మూడు రోజులుగా మంచు పడుతూనే ఉంది. వీధి లేదు, గేటు లేదు, అంతా ఒకటే తెలుపు. అత్తగారి పెదాలు నీలానికి తిరుగుతున్నాయి.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"ఏమీ తెలీడం లేదమ్మాయ్."

ఆవిడ ఏడ్చి ఉంటే కోడలు ఇంత భయపడేది కాదు. ఫోను కట్టేసి, రెండు చేతులూ దుంగకి ఆనించి తోసింది. దుంగ ఉలకలేదు పలకలేదు. దాని ఒక కొస కట్టెలు చీల్చే మొద్దు మీద పడి ఆగింది గనక కాలు నుజ్జు కాలేదు. ఆ సందు ఎంతసేపు నిలుస్తుందో దేవుడికెరుక. గంటసేపు మగాళ్ళ కోసం ఎదురు చూడాలా, గోడకి ఆనించి ఉన్న కర్ర తీయాలా అన్న ఆలోచన ఆమె బుర్రలో ఎంతసేపు నిలిచిందంటే, లేచి గోడ దాకా నాలుగడుగులు వేసినంతసేపు.

ఆ కర్రకి ఆమె పెట్టుకున్న పేరు దొర్లుడు కర్ర. పాత మంచం పట్టె, మనిషెత్తు ఉంటుంది. కొసకి జానెడు పైన పెద్ద బోల్టు, ఆ బోల్టు మీద అటూ ఇటూ ఊగే ఇనుప కొక్కెం. కర్ర మొన దుంగ కిందకి తోస్తే కొక్కెం పైనుంచి వచ్చి కరుచుకుంటుంది. ఇక కర్రని ఎంత నొక్కితే అది అంత గట్టిగా కరుస్తుంది. నిరుడు లారీవాడు గేటు బయట పోసి వెళ్ళిన దుంగలన్నీ దీంతోనే లోపలికి దొర్లించుకుంది. అప్పుడు దొర్లించడమే. ఇప్పుడు పైకి లేపాలి, దాని కింద మనిషి ఉంది.

మొనకి దగ్గరలో కర్ర కింద ఒక కట్టెముక్క పెట్టింది, తూగుడుబల్ల కింద దిమ్మలా. మొన దుంగ కిందకి తోసింది. కొక్కెం బెరడులోకి దిగిన చప్పుడు వినిపించింది. తన బరువంతా కర్ర రెండో కొస మీద వేసి వేలాడింది.

దుంగ లేచింది.

ఎంతో కాదు, నాలుగు వేళ్ళ మందం. ముగ్గురు మగాళ్ళ మోత అది, అన్నం తినడానికి కూడా తీరిక దొరకని ఒక ఆడమనిషి బరువుకి లేచి, గాల్లో నిలబడి, చిన్నగా ఊగుతోంది. ఆ క్షణంలో ఆమెకి అత్తగారు గుర్తు లేదు, చలి గుర్తు లేదు. ఇది నేనేనా చేసింది అనుకుంది. గుడ్లప్పగించి చూస్తూనే ఎడమ కాలితో ఒక చీల్చిన ముక్కని సందులోకి నెట్టింది. కర్ర వదిలి, ఊపిరి తీసుకుని, మళ్ళీ వేలాడింది. ఇంకో ముక్క. ఇప్పుడు పిడికిలి పట్టేంత సందు. అత్తగారి చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగింది. చెప్పు అక్కడే ఉండిపోయి కాలు వచ్చేసింది.

అప్పుడు పక్కింటికి వినపడేలా అరిచింది కోడలు. పక్కింటి లారీ డ్రైవరు లుంగీ మీదే పరిగెత్తుకొచ్చాడు. కట్టెలు లాగడానికి ఆమె చేసుకున్న రేకు బండి మీద ఇద్దరూ కలిసి ఆవిడని ఇంట్లోకి లాక్కెళ్ళారు. బండి మంచు మీద చప్పుడు లేకుండా జారిపోతుంటే, దీన్ని ఎక్కడ కొన్నావమ్మా అని అడిగాడు డ్రైవరు. కొనలేదన్నయ్యా అంది. అతను రేకుని ఒకసారి, ఆమెని ఒకసారి చూశాడు.

డ్రైవరు కబురు చేస్తే వీధి చివర ఆసుపత్రి నించి నర్సు నడిచే వచ్చింది, సంచీ నెత్తిన పెట్టుకుని. కాలు పట్టి చూసి, వేళ్ళు నొక్కి చూసి, చెక్కలు పెట్టి కట్టు కట్టింది. చిట్లిందే గాని విరగలేదంది. ఇంకో అరగంట అక్కడే ఉండి ఉంటే మాత్రం కాలు మాటటుంచి మనిషే దక్కేది కాదని అంతే మామూలుగా చెప్పి, వేడినీళ్ళడిగింది.

వేడినీళ్ళంటే పొయ్యి, పొయ్యంటే కట్టెలు. కోడలు మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. అలవాటు కొద్దీ ఒక్కొక్క కట్టెనీ జోలెలో వేసుకుంటోంది. పదకొండు చలికాలాలుగా ఇదే పని. పొద్దున్నే లేచి, బూడిద ఎత్తి, పొయ్యి రాజేసి, ఇల్లు వెచ్చబడ్డాక అందరినీ లేపి, గోదాముకి పరిగెత్తి, అక్కడ గుడ్డ బేళ్ళ మీద చీటీలు అంటించి, సాయంత్రం వచ్చి మళ్ళీ కట్టెలు. మొదటి తొమ్మిదేళ్ళూ రెండు చేతుల మీదే మోసింది. మోచేతుల లోపలి పక్క ఎప్పుడూ గీరుకుపోయి ఉండేది. చీటీలు అంటించే చేతులు కాస్త నున్నగా ఉంచుకో, గుడ్డకి గరుకు తగులుతోంది అనేవాడు గోదాము మేస్త్రీ. నడుం పట్టేసిందని ఒకరోజు అంటే, నాలుగు పుల్లలు మొయ్యడానికి నడుం దేనికి అన్నాడు మొగుడు. పుల్లలు అనడం అతని అలవాటు. అతని ఒంటికి తగిలే వెచ్చదనం మాత్రమే అతనికి తెలుసు, దాని బరువెంతో తెలీదు.

ఒకరోజు గోదాములో బేలు ఎత్తే పట్టకారు చూసింది. కత్తెరలా రెండు ఇనుప చేతులు. బేలు పైకి లేచేకొద్దీ వాటి పట్టు బిగుస్తోంది. బరువే పట్టు. బరువు ఎక్కువైనకొద్దీ జారిపోవాల్సింది పోయి గట్టిపడుతోంది. చీటీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, మేస్త్రీ రెండుసార్లు పిలిచేదాకా. ఆ ఆదివారమే డ్రైవరు పారేసిన ఇనుపకడ్డీ తెచ్చి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, రాయి మీద పెట్టి సుత్తితో వంచింది. మొదటిది విరిగింది. రెండోది వంకరపోయింది. మూడోది దుంగని పట్టుకుంది. గట్టి ఇనుము ఎర్రబడగానే తన సుత్తికి ఒదిగిపోవడం చూస్తే ఆమెకి ఒళ్ళు జలదరించేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె మాటకి వంగింది అదొక్కటే. ఆ తర్వాత పాత ప్యాంట్లు కుట్టి జోలె చేసింది, రేకు బండి చేసింది, దొర్లుడు కర్ర చేసింది. వచ్చిన చుట్టాలకల్లా మా ఆవిడ ఇంజినీరు గారు అని చూపించి నవ్వేవాడు మొగుడు. నవ్వు అయ్యాక, ఇంజినీరు గారూ, టీ పట్రండి అనేవాడు.

జోలె నిండింది. లేవబోతూ ఆగిపోయింది.

దుంగల దొంతర ఎందుకు కూలింది? ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఆమెకి రానేలేదు. దొంతరకి రెండు కొసలా రెండు గుంజలుంటాయి. నేలలో ఇనుప గొట్టం పాతి, అందులో గుంజ నిలబెట్టడం ఆమె పద్ధతి. గుంజ విరిగి ఉంటే గొట్టంలో మొదలు మిగలాలి, కనీసం పేళ్ళయినా ఉండాలి. వంగి చూసింది. గొట్టం ఖాళీగా, శుభ్రంగా ఉంది. విరగలేదు, జారలేదు. ఎవరో పైకి లాగి పట్టుకుపోయారు.

తలుపులోంచి బయటికి చూసింది. ఆవరణలో మొగుడి కారు. మంచు బరువుకి రెండు రోజులుగా కుంగిపోయి కారు పైకప్పుని తాకుతున్న టార్పాలిను, ఇప్పుడు గొడుగు విప్పినట్టు పైకి లేచి ఉంది. దాని కింద, కారుని ఆనుకుని, ఆ గుంజ.

ఆమెకి కోపం రాలేదు. తలుపు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కారు మీద మంచు పడకూడదని ఆలోచించిన మనిషి, గుంజ తీస్తే ఆ పక్కన ఏం పడుతుందో ఆలోచించకుండా, టై సర్దుకుని, ఆఫీసుకి ఎంత ప్రశాంతంగా వెళ్ళిపోయాడు. అంత నిశ్చింత ఒక మనిషికి ఎలా అబ్బుతుంది అని.

మొగుడు వచ్చాడు. వెంట ఇద్దరు ఆఫీసు మనుషులు, మోకాళ్ళ దాకా మంచు. తల్లి మంచం దగ్గర నిలబడి, కట్టు చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"కింది దుంగని కొక్కెంతో లాగావు కదూ?"

తను గోదాముకి బయల్దేరుతుంటే షెడ్డులో చప్పుడైందని చెప్పబోయింది. అతను వినడం లేదు. ఆఫీసు మనుషులకి చెబుతున్నాడు, ఎన్నిసార్లు వద్దన్నా వినదు సార్, ఆడపిల్లలు బొమ్మరిల్లు కట్టుకున్నట్టు షెడ్డంతా ఇనుప సామాను, ఇవాళ మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది అని. వాళ్ళు తలలూపారు. రండి చూపిస్తా అని వాళ్ళని షెడ్డుకి తీసుకెళ్ళాడు. వెళ్తూ గూట్లో ఉన్న తాళంకప్ప తీసుకున్నాడు.

నర్సు వంటింట్లో చేతులు కడుక్కుంటోంది. అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. గొంతు బాగా తగ్గించి చెప్పింది. పొద్దున వాడు గుంజ తీయడం కిటికీలోంచి చూసిందట. దొంతర ఒరుగుతుందని తనకి తెలుసట. కోడలు చూస్తే వాణ్ణి అంటుందని, ఆమె కంట పడకముందే తాడు వేసి కట్టేద్దామని వెళ్ళిందట.

"నువ్వే లాగానని ఒప్పేసుకో అమ్మాయ్. మాట పడితే ఏం పోతుంది? వాడు తట్టుకోలేడు. మీ మామయ్య పోయేదాకా నేను అలాగే నెట్టుకొచ్చా. ఆయన పగలగొట్టినవన్నీ నేనే పగలగొట్టా."

కోడలు ఆవిడని చూసింది. ఇంతకుముందెప్పుడూ చూడనట్టు చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, అంత మంచులో, కొడుకు తప్పుని కోడలి కంటికి కనపడకుండా చేయడానికి చేత్తో తాడు పట్టుకుని వెళ్ళింది. ఎంత బరువు మోసింది ఈవిడ. ఏ కొక్కెమూ లేకుండా, ఏ బండీ లేకుండా, ఒట్టి చేతుల మీద, నలభై ఏళ్ళు. ఆమెకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆవిడలా అయిపోతానేమోనని భయమూ వేసింది. పడితే ఏం పోతుంది అన్న మాట తన నోట కూడా ఎన్నిసార్లు వచ్చిందో. పోతూనే ఉంది. ఇవాళ షెడ్డు పోతుంది. మళ్ళీ రెండు చేతుల మీద కట్టెలు.

"నేను లాగానని చెప్పను అత్తయ్యా," అంది. ఆవిడ చెయ్యి వదిలించుకోలేదు, ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఆయన తీశారని కూడా చెప్పను. నేను చెబితే అది మొగుడూ పెళ్ళాల గొడవ అయిపోతుంది. చూసింది మీరు. దెబ్బ తగిలింది మీకు. మీరే చెప్పండి. చెప్పకపోయినా మీకు చెయ్యాల్సిందంతా చేస్తా, అందులో తేడా రాదు."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది.

షెడ్డు తలుపు మూసిన చప్పుడు. ముగ్గురూ బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. మొగుడి చేతిలో తాళంచెవి ఉంది. నర్సు సంచీలోంచి పుస్తకం తీసి, పెన్ను ఊది వెచ్చబెట్టి, పేషెంటు వయసు రాసుకుని, దెబ్బ ఎలా తగిలిందో రాయాలండీ అంది.

"మా ఆవిడ..." అని మొదలెట్టాడు మొగుడు.

"మిమ్మల్ని కాదండీ, పేషెంటుని అడుగుతున్నా," అంది నర్సు తలెత్తకుండానే. "చెప్పండి పెద్దమ్మా. దొంతర ఎలా పడింది?"

పొయ్యిలో ఒక కట్టె చిటపటమంది. ఆఫీసు మనుషుల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు. కోడలు ఎవరి వైపూ చూడలేదు. తన చేతిలో ఉన్న ముసలి చేతిని మాత్రమే చూస్తోంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే బిగుస్తున్నాయి. ఇంత పట్టు ఈ చేతిలో ఎక్కణ్ణించి వచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

అత్తగారు మోచేతి మీద లేచి కూర్చోబోయింది. నర్సు వద్దంటున్నా వినలేదు. కొడుకు మొహంలోకి సూటిగా చూసింది. పెదాలకి ఇంకా పూర్తిగా రంగు రాలేదు గాని, గొంతు మాత్రం వంటింటి దాకా వినపడింది.

"రాసుకో తల్లీ. గుంజ పీకింది నా కొడుకు."