ఏటిమూల మూట

పాత చీర అంచునుంచి లాగిన నీలిదారాన్ని పంటితో తెంపి, సువార్తమ్మ నలభయ్యో మూటకు ముడి వేసింది. నిమ్మకాయంత మూట. లోపల గుప్పెడు మట్టి. మెడకు కట్టిన అట్టముక్క మీద, ఒక్కో అక్షరం ఒక్కో వైపు ఒరిగిన పిల్లరాతలో, ప్యాపిలి, 1964, కమలమ్మ అని ఉంది. ఆ కమలమ్మకు ఇప్పుడు బడికి పోయే పిల్లలున్నారు. మట్టికి మాత్రం వయసు రాలేదు. సుద్దలాగా తెల్లగా, అప్పుడే జల్లించినంత మెత్తగా ఉంది.

ఆళ్లగడ్డలో ఆమె చదువు చెప్పే బడిగోడకు ఇట్లాంటివి నూటికి పైగా వేలాడేవి. సెలవులకో, పెళ్లికో, తిరునాళ్లకో ఏ ఊరికి పోయివచ్చిన పిల్లయినా ఆ ఊరి మట్టి ఇంత తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. తెచ్చిన పిల్ల ఆరోజు బల్ల పక్కన నిలబడి ఆ మట్టి ఎవరి చేనిదో, అందులో ఏం పండుతుందో, ఆ ఊళ్లో నీళ్లు ఎంత లోతున ఉంటాయో చెప్పాలి. మిగతా పిల్లలు వినాలి. ఇరవైతొమ్మిదేళ్లుగా ఆ బడిలో మూడో తరగతి సాంఘికశాస్త్రం ఈ విధంగానే మొదలయ్యేది. పుస్తకం ఆ తర్వాతే తెరిచేవారు.

వంటింట్లోనుంచి చెల్లెలు రూతు కేక వేసింది.

"అక్కా, ఏడు గంటల బస్సు పోతాది. ఆడికి అందరూ కాగితాలు తెస్తే, నువ్వేందీ మన్ను మోసకపోతాండావ్?"

"నా కాగితాలు ఇవే లేవే."

"రొట్టెన్నా తిను. రాత్రి కూడా ముట్టలేదు."

"గొంతు దిగడంల్యా. కట్టియ్యి, ఆడ తింటా."

ఎడమచేతిని రెండుమూడు సార్లు విదిలించింది. తెల్లవారినప్పటినుంచి అది తిమ్మిరెక్కుతూ, దిగుతూ ఉంది. దారాలు చుట్టీ చుట్టీ వచ్చిన తిమ్మిరేలే అనుకొంది.

మూటలన్నీ గుడ్డసంచిలో సర్ది, ఇనపపెట్టె అడుగునుంచి మరొకటి తీసింది. దానికి కట్టిన అట్టముక్క మీది రాత ఒక్కటే ఆమెది. ఏడు లేదు, పిల్లపేరు లేదు. ఏటిమూల అని ఊరిపేరు మాత్రం ఉంది. ఆమె పుట్టిన ఊరు. నందికొట్కూరు దిక్కున, కృష్ణ ఒడ్డున, అరవై ఇళ్ల పల్లె. రెండేళ్ల కిందట కొత్త ఆనకట్ట వెనకనీళ్లు పొలిమేర రాయిని తాకిన నాడు పోయి, తాను అక్షరాలు దిద్దిన మిషన్‌బడి వాకిట్లో వంగి, కొంగు చాచి తెచ్చుకొన్న మట్టి అది. మరుసటి వారానికి వాకిలీ లేదు, బడీ లేదు. నీళ్లు మాత్రం ఆకాశమంత వెడల్పున, ఏమీ ఎరగనట్టు, నిలిచి ఉన్నాయి.

ఆ మూటను చేతిసంచిలో, కళ్లజోడు పక్కన పెట్టుకొంది.

మూడో తరగతి పుస్తకంలో 'మన జిల్లా' భాగాన్ని ఆయా జిల్లాలవాళ్లే సవరించి పంపాలని ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందుకు నంద్యాలలో కూర్చొనే కమిటీ ఆరుగురిలో పల్లెబడి టీచరు ఒకరు ఉండాలన్నారు. ఆ ఒకరు సువార్తమ్మ. ఆమెకు అడగవలసింది ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ అడగడానికి పది రోజులుగా లోలోపల మాటలు పేర్చుకొంటోంది.

బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చొంది. శిరివెళ్ల దాటేదాకా నల్లమల వెంటవచ్చింది. మొదట బూడిదరంగు, తర్వాత నీలం, ఎండ పడ్డకొద్దీ పచ్చదనపు నీడ. ఇన్నేళ్లుగా చూస్తున్న కొండలే. అయినా వాటి ముందు ఆమె చూపు ప్రతిసారీ కొత్తగా బడిలో చేరిన పిల్లలా చేతులు కట్టుకొని నిలబడేది. కొండకూ బస్సుకూ నడుమ నల్లరేగడి, కోత అయిపోయి, పగుళ్లు విచ్చి, పెద్ద గ్రంథమేదో తెరిచిపెట్టినట్టు పడుకొని ఉంది. ఎవరు రాసిందో, ఎంత చదివినా తరగనిది.

సమావేశం ఒక ఉన్నత పాఠశాలలోని పొడవాటి గదిలో జరిగింది. అధ్యక్షుడు రామానుజం అహోబిలం పండితకుటుంబీకుడు. శాసనాలు చదివీ చదివీ కళ్లు చిట్లించడం అలవాటైన పెద్దమనిషి. ముసాయిదా రాసినవాడు మాధవయ్య, ప్రధానోపాధ్యాయుడు. తాతలనాటి అంగడి నికరం ఆయన మాటలో ఇంకా మిగిలి ఉంది; ఏ వాక్యాన్నయినా తూకం వేసి గాని లోపలికి రానివ్వడు. జిల్లా విస్తీర్ణం, హద్దులు, నదులు, పంటలు, ఖనిజాలు అంటూ పన్నెండు పుటలు గంటన్నరసేపు చదివాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అంతా సరిగ్గా ఉంది. ఒక్క మనిషి అయినా ఎక్కడా లేడు.

"ఇంక మా టీచరమ్మ చెప్పాల," అన్నాడు రామానుజం.

సువార్తమ్మ లేచి నిలబడింది. కూర్చొని చెప్పమన్నా కూర్చోలేదు.

"వీటన్నిటికీ ముందర రెండు పుటలు తెల్లగా ఇడ్సండి సార్. పైన 'మా ఊరు' అని అచ్చేస్తే సాలు. కింద గీతలు."

మాధవయ్య కళ్లజోడు తీశాడు. "గీతల్లో ఏముంటాదమ్మా?"

"పిల్లోడు రాస్తాడు సార్, వాళ్ల ఊరి సంగతి."

"మరి పాఠం యాడుంది?"

"వాని తావే ఉంటాది. మన తావ ల్యా."

బల్ల చుట్టూ నవ్వు తిరిగింది. "తెల్లకాగితం పంపేదానికి మనం ఆరుమందిమి ఎందుకు? మా అటెండరు మహానందయ్య సాలు గదా," అన్నాడు మాధవయ్య. ముసాయిదా అంచున ఆమె సూచనను రెండు ముక్కల్లో రాసుకొని, దాని మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు, వెటకారం కూడా లేదు. లెక్కలో సరిపోనిదాన్ని పక్కన పెట్టే శ్రద్ధ మాత్రమే ఉంది. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది. పది రోజులు పేర్చిన మాటలు ఆరు వాక్యాల్లో అయిపోయాయి.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచారు. సువార్తమ్మ రొట్టె తీయలేదు. సంచి విప్పి, పొడవాటి బల్ల మీద మూటలు పరచసాగింది. ఉత్తరాన నందికొట్కూరు, దాని పక్కన పాములపాడు, నడుమ నంద్యాల, దిగువన ఆళ్లగడ్డ, పడమటి కొసన ప్యాపిలి. ఒక్కొక్క మూట నోరు విప్పి, అంచులు పువ్వు రేకుల్లా మడిచింది. నలుపు, ఎరుపు, తేనెరంగు, బూడిద, తెలుపు. ఒకే జిల్లా ఇన్ని రంగుల్లో ఊపిరి తీస్తోందని ఆమెకు తెలుసు. కానీ అన్నిటినీ ఒకేచోట విప్పి చూడటం ఆమెకూ ఇదే మొదలు. కొంతసేపు చేతులు ఆడలేదు. పేరుపేరునా అవి ఎవరు తెచ్చారో గుర్తుకువచ్చి, గదినిండా ఎనిమిదేళ్ల పిల్లలు వచ్చి నిలబడ్డట్టయింది.

టీ తెచ్చిన మహానందయ్య బల్ల చూసి ఆగాడు. చెప్పులు వాకిట్లో విడిచివచ్చాడు. ప్యాపిలి మూటలోనుంచి చిటికెడు తీసి, కళ్లు మూసుకొని, నొసట మూడు అడ్డగీతలు పెట్టుకొన్నాడు.

"ఏ సామిదమ్మా ఈ విబూది?"

"ప్యాపిలిదప్పా."

"ప్యాపిలిలో ఏ సామి?"

"రెడ్డోళ్ల చేని గట్టు సామి. అది మన్నప్పా, విబూది కాదు."

అప్పుడే లోపలికి వస్తున్న కమిటీ అంతా విని నవ్వింది. మహానందయ్య తువ్వాలు తీశాడు, తుడుచుకోబోయి, ఎందుకో ఆగి, తువ్వాలు మళ్లీ భుజాన వేసుకొన్నాడు. "పెట్టినాను గదా, ఉండనీలే," అన్నాడు.

నవ్వు అక్కడితో తెగింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. వచ్చినవాళ్లు వచ్చినట్టు కుర్చీల్లోకి పోలేదు. బల్ల చుట్టూ వంగి, అట్టముక్కలు చదవసాగారు. ఎవరికి వారు తమ ఊరు వెదుక్కొంటున్నారు. రామానుజం ఎర్రమట్టి మూట ఒకటి అందుకొని ముక్కు దగ్గర పెట్టుకొన్నాడు.

"అహోబిలమే. ఎగువదా, దిగువదా?"

"దిగువది సామీ. బడెనక వంకలోది. వకుళమాల అని ఒక పాప తెచ్చింది. ఆ వంకలో నెమళ్లు నీళ్లు తాగుతాయని చెప్పింది."

"తాగుతాయి," అన్నాడాయన. "నేను మర్సిపోయినా."

మాధవయ్య మాత్రం ఉత్తరపు కొసన నిలబడి ఉన్నాడు. పాములపాడు మూటను ఎత్తి, దాని కింద, పక్కన, వెనక చూశాడు.

"మాది దీని పక్కన బూరుగుదిన్నె. అది ల్యాదా?"

"ఆ ఊరికి మా పిల్లలెవరూ పోయిరాల్యా సార్."

ఆయన తల ఊపాడు. అయినా కదలలేదు. సువార్తమ్మ చేతిసంచిలోనుంచి కొత్త గుడ్డముక్క, దారం, ఏమీ రాయని అట్టముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

"మీరు తెండి సార్. పేరు మాత్రం ఇప్పుడే రాసియ్యండి."

యాభై దాటిన ప్రధానోపాధ్యాయుడు వంగి, పెన్సిల్ నాలుక మీద తడి చేసుకొని, బూరుగుదిన్నె అని రాశాడు. వత్తు జాగ్రత్తగా పెట్టాడు. కింద ఏడు వేశాడు, 1983. దాని కింద తన పేరు రాసి, ఇంటిపేరు లేకుండా ఒట్టి మాధవయ్య అని ఉంచాడు. ఆ ఖాళీ గుడ్డనూ ఆ మూడు మాటలనూ ఎంతసేపు చూశాడో ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత తన చోటికి పోయి, రబ్బరు తీసుకొని, ముసాయిదా అంచున ఉన్న ఇంటూ గుర్తును తుడిచాడు. రబ్బరు పొట్టును అరచేత్తో నెట్టేశాడు.

"రెండు కుదరవు టీచరమ్మా. ఒక పుట."

"ఒకటి సాలు సార్," అంది సువార్తమ్మ. అప్పుడు కూర్చొంది.

శుద్ధప్రతి టైపయి మళ్లీ కలిసేదాకా మూటలన్నీ ఇక్కడే ఉండనిమ్మన్నాడు రామానుజం. ఆమె సరేనంది. గ్లాసులు ఎత్తుతున్న మహానందయ్య, నొసటి తెలుపుతోనే, అడిగాడు.

"అందరివీ ఉండాయి. మీది ఏదమ్మా?"

ఆమె కళ్లజోడు పక్కనున్న మూట తీసి, నందికొట్కూరుకు ఆవల, బల్ల అంచున పెట్టింది.

"ఏటిమూలా? నేను ఇన్నేలేదే. యాడుండాదమ్మా?"

"నీళ్ల కింద ఉండాదప్పా."

తీసుకుపోదామని చెయ్యి చాపింది. ఒక క్షణం దాని మీద చెయ్యి ఉంచి, వెనక్కు తీసుకొంది. మిగతా ఊళ్లతో పాటు దాన్నీ ఉండనిచ్చింది.

తిరుగుబస్సులో కొండలు ఎడమకు వచ్చాయి. పడమటి వెలుగు సూటిగా వాటి మీద పడి, మడత మడతా బయటపడుతోంది. సువార్తమ్మ నుదురు కిటికీ చువ్వకు ఆనించుకొంది. ఒక పుట. కానీ జిల్లాలో మూడో తరగతి పిల్లలు ఎన్ని వేలమందో. ఒకే పుట అన్ని వేల చేతుల్లోకి పోయి, ఏ రెండు చేతుల్లోనూ ఒకటిగా ఉండదు. ఒకడు తన ఊళ్లో చెనిక్కాయ పండుతుందని రాస్తాడు; ఒకతె తమ ఊరికి బస్సు రాదని రాస్తుంది; నీళ్లు వచ్చి లేపేస్తే ఇంకో ఊరికి చేరిన పిల్ల ఎవరైనా, ఏ ఊరు రాయాలో తెలియక కాసేపు పెన్సిల్ కొరికి, పాతదే రాస్తుంది. అచ్చువేసినవాడికీ తెలియని పుస్తకం అది. ఆ తలపు ఆమెలో పట్టలేనంత పెద్దదయింది. తిమ్మిరి చేతిని ఒళ్లో పెట్టుకొని, కళ్లు మూసుకొంది.

"టీచరమ్మా, ఆళ్లగడ్డ వచ్చింది, దిగాల," అన్నాడు కండక్టరు. మరొకసారి అన్నాడు. మూడోసారి అనలేదు. టికెట్ల సంచి సీటు మీద పెట్టి, మెల్లగా ఆమె ఎదుట కూర్చొన్నాడు. రూతు కట్టిచ్చిన రొట్టె ముడి విప్పకుండానే ఆమె పక్కన ఉంది.

పన్నెండు రోజుల తర్వాత నంద్యాలలో కమిటీ మళ్లీ కూర్చొంది. ఐదుగురు. మాధవయ్య టైపు ప్రతిని బల్ల మీద పెట్టాడు. పక్కనే నల్లమట్టితో నిండిన కొత్త మూట ఒకటి పెట్టాడు. పంకా గాలికి మొదటి కాగితం లేచింది. పైన 'మా ఊరు' అన్న రెండు మాటలు తప్ప దాని మీద గీతలే ఉన్నాయి. మహానందయ్య అటూ ఇటూ చూసి, బల్ల అంచునుంచి ఒక మూట తీసి, కాగితం మధ్యలో బరువుగా ఉంచాడు.

కాగితం కుదురుకొంది. నీలిదారపు ముడి సందునుంచి చిటికెడు ఏటిమూల మట్టి జారి, మొదటి గీత మీద నిలిచింది.