బొట్టు పెట్టిన కార్డు

నా దగ్గరికి నకిలీ సామాను తెచ్చినవాళ్లను నేను తిడతాను. తిట్టకుండా ఉండలేను. తిరుపతి బస్టాండుకు రెండు వీధుల అవతల, లాడ్జీల సందులో నాది చిన్న రిపేరు షాపు. సెల్‌ఫోన్లు, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్‌లు బాగుచేస్తాను. 2009 నాటికే మా ఊళ్లో పిల్లలు నెట్ సెంటర్లలో కూర్చుని చార్జర్లు, బ్యాటరీలు, మెమరీ కార్డులు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. సగం ధరకే వచ్చిందని సంబరంగా తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. నేను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో లేబులును ఒక్క రుద్దు రుద్ది, "యాడ దొరికిందప్పా నీకు ఈ దరిద్రం?" అనేవాణ్ని. వాళ్ల మొహాలు మాడిపోయేవి.

ఆ రుద్దడమే నా పరీక్ష. అసలు వస్తువు మీద అక్షరాలు ఎంత రుద్దినా కదలవు. నకిలీదాని మీద రంగు వేలికి అంటుకుని వచ్చేస్తుంది. బరువు కూడా చూస్తాను. వెనక అంకెలు చెక్కారా, ఊరికే అచ్చు వేశారా అని చూస్తాను. అమ్మేవాడు సైటులో పెట్టిన ఫొటో తన దగ్గరున్న వస్తువుదేనా, కంపెనీవాళ్ల ఫొటో ఎత్తుకొచ్చి పెట్టాడా అని అడుగుతాను. ఎన్ని చూసినా మొదటి మాటా ఆఖరి మాటా నా బొటనవేలిదే. ఆరేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని నాకు మహా గర్వం. నిజమే, అది తప్పు చెప్పలేదు. ఒక్కసారి నేనే దాన్ని అడగలేదు. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

హరినాథ్ నాకు వరసకు ఏమీ కాడు. మొదట షాపుకు వచ్చిపోయే మనిషి, పోనుపోను అన్న అయ్యాడు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సీజను మొదలైతే రెండున్నర నెలలు ఇల్లూవాకిలీ ఉండేవి కావు. ఇంట్లో భార్య భారతమ్మ, ఒక్కతే కూతురు భానుశ్రీ. ఆ పిల్లకు క్లాసులో ఫస్టు వచ్చిందని సెకండ్‌హ్యాండ్ వీడియో గేమ్ ఒకటి నా దగ్గరే కొనిచ్చాడు. దాంట్లో ఆటలే కాదు, పాటలు వినొచ్చు, వీడియోలూ చూడొచ్చు. సీజనులో ఇంటికి రాలేని రోజుల్లో హరినాథ్ ఫ్యాక్టరీ ఆవరణలో నిలబడి, తన సెల్‌లో తనే కూతురితో మాట్లాడుతున్నట్టు వీడియోలు తీసుకునేవాడు. ఎప్పుడో ఒక ఆదివారం వచ్చినప్పుడు ఆ పిల్లను వెంటబెట్టుకుని నా షాపుకొచ్చి, వాటిని గేమ్‌లో ఉండే మెమరీ కార్డులోకి ఎక్కించమనేవాడు.

"ఆడి ఆడి అలిసిపోయినప్పుడన్నా నాయన మొగం సూస్తాది లేప్పా," అని నవ్వేవాడు.

ఆ ఏడు జూలైలో, ఫ్యాక్టరీలోనే, గుండె ఆగి పోయాడు. నలభై మూడేళ్లు నిండలేదు. ఆస్పత్రికి ఎత్తుకెళ్లిన హడావిడిలో అతని సెల్ ఎక్కడ పడిపోయిందో ఎవరికీ తెలియదు. ఇక అతని గొంతు మిగిలింది ఆ గేమ్ కార్డులోనే. మొత్తం ముప్పై ఎనిమిది వీడియోలు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు షాపుకొచ్చారు. పాత కార్డు చిన్నది, పైగా గేమ్‌లో పెడితే ఒక్కోసారి కనబడటం లేదు. నాయన వీడియోలు ఎక్కడ పోతాయోనని భానుశ్రీకి భయం పట్టుకుంది. చిత్తూరులో ఉన్న మేనమామ రవిచంద్రకు చెప్పి నెట్‌లో పెద్ద కార్డు తెప్పించుకుంది.

"చిన్నాయనా, నాయనవన్నీ దీంట్లోకి ఎక్కించు. పాతదాన్ని ఖాళీ చేసి ఇయ్యి. మామ కొడుకు అడిగినాడు."

"నన్నడక్కుండా నెట్‌లో ఎందుకు తెప్పిస్తిరి? ఈ చక్రధర్ సచ్చిపోయినాడనుకుంటిరా?" అని అలవాటుగా కసిరి చేయి చాచాను.

కార్డు నా అరచేతిలో పెట్టింది. లేబులు నిండా పల్చగా పసుపు పూసి ఉంది, మధ్యలో కుంకుమ బొట్టు. కింద ఏం రాసి ఉందో ఒక్క అక్షరం కనబడదు.

"ఆయన పటం ముందర పెట్టి తెచ్చినాం," అంది భారతమ్మ గడప దగ్గర నుంచే. "నేను పెట్టకూడదు గదా, పాప చేత పెట్టించినా. ఆయన మాటలు ఉండబొయ్యే సోటు. ఉట్టిగా ఎట్ల వాడేది చక్రధరా?"

మా వైపు కొత్త వస్తువు ఏదైనా అంతే. సైకిలు కానీ, మిక్సీ కానీ, పసుపు కుంకుమ పడందే పనికి దిగదు. పెట్టిన బొట్టును ఎవరూ తుడవరు, దానంతట అది రాలిపోవాల్సిందే. నా బొటనవేలు లేబులు మీదికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. రుద్దానంటే హరినాథ్ పటం ముందు పెట్టిన బొట్టును చెరిపినట్టే. నుదుటి కుంకుమ పోయి నాలుగు నెలలైన మనిషి చూస్తూ ఉండగా, నా చేత్తో కుంకుమ తుడవడమా? నాకు చేతులు రాలేదు. బరువు చూశాను, సరిపోయినట్టే అనిపించింది. వెనక్కి తిప్పి అంకెలు చూశాను, చెక్కినట్టే కనబడ్డాయి.

"బాగానే ఉండాది," అన్నాను.

రెండు కార్డులనూ కంప్యూటరుకు తగిలించి, కంప్యూటరులో దాచకుండా నేరుగా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి అన్నీ ఎక్కించాను. ముందు ఆటలు, తర్వాత పాటలు, చివర వీడియోలు. పేర్లన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. సరిచూద్దామని మొదటి వీడియో తెరిచాను. తెర మీద హరినాథ్. వెనక కాయల లారీలు, చేతిలో మామిడి పండు.

"సూడు పాపా. పైన పచ్చగా నిగనిగలాడతా ఉండాదని మోసపోవద్దు. కార్బైడ్ పెట్టి మాగేసిన కాయ గూడా ఇట్లనే ఉంటాది. తొడిమ కాడ వాసన సూడాల. ముక్కుకు ఆనించుకో, సిగ్గుపడొద్దు. వాసన ల్యా అంటే అంగడోనికే తిరిగిచ్చెయ్."

భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు మసకలు కమ్మాయి. గబుక్కున ఆపేశాను. ఇంకా ముప్పై ఏడు ఉన్నాయి. కార్డు నింపినవాడు ఆఖరిది తెరిచి చూడాలని నాకు తెలుసు. ఊరందరికీ చెప్పేది నేనే. కానీ ఆ రోజు మళ్లీ ఆ మనిషి మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"అన్నీ వచ్చినాయా చిన్నాయనా?" అంది భానుశ్రీ.

"అన్నీ వచ్చినాయి పాపా," అన్నాను. పాత కార్డును చెరిపేసి చేతికిచ్చాను.

అన్నీ ఒకేసారి చూసేస్తే ఇంక ఏం మిగులుతుందని ఆ తల్లీకూతుళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారట. హరినాథ్ పోయిన తిథి నాడు, నెలకు ఒక్క వీడియో చూడాలి. మిగిలిన రోజుల్లో మొదటిదే, ఆ మామిడిపండుదే చూసుకోవాలి. అలా అయితే మూడేళ్ల పైచిలుకు ఆయన ప్రతి నెలా ఇంటికొచ్చినట్టు ఉంటుందని భారతమ్మ లెక్క. ఆ తర్వాతి నెల మాసికానికి అన్నం పెట్టి, పటం ముందు కూర్చుని, రెండోది తెరిచారు. నల్ల తెర వచ్చింది. మూడోదీ అంతే.

మర్నాడు పొద్దున్నే నేను షట్టరు ఎత్తేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"గేమ్‌ను కింద పడేసినారా ఏంది?" అని కసురుకుంటూనే కార్డు తీసుకుని కంప్యూటరుకు పెట్టాను. పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా సైజు కూడా ఉంది. రెండోది తెరిచాను, పదోది తెరిచాను, ఆఖరిది తెరిచాను. లోపల ఏమీ లేదు.

కార్డు బయటికి తీశాను. కుంకుమ చాలావరకు రాలిపోయి ఎర్రటి మరక మిగిలింది. బొటనవేలితో రుద్దాను. పసుపుతో పాటు కంపెనీ పేరు వేలికి వచ్చేసింది. ఎనిమిది అనే అంకె సగం చెరిగిపోయింది. ఒక్క జీబీ పట్టే కార్డుకు ఎనిమిది జీబీ అని పైనా అచ్చు వేసి, లోపలా అబద్ధం నేర్పారు. అది నిండేదాకా నిజంగానే తీసుకుంటుంది. నిండాక ఏమిచ్చినా పేరు మాత్రం రాసుకుని సరుకును పారేస్తుంది. ఆటలూ పాటలూ పోను ఇక పట్టింది ఒక్క వీడియోనే. ఆ ఒక్కటే నేను తెరిచి చూసింది.

అబద్ధం నా నోటిదాకా వచ్చింది. గేమ్ చెడిపోయిందని చెప్పొచ్చు. ఆ రవిచంద్ర మీదికి తోసెయ్యొచ్చు. సిగ్గులేని బుద్ధి అలాగే ఆలోచిస్తుంది. "రెండు దినాలు టైమియ్యండి వదినా," అని మాత్రం అన్నాను.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి చిత్తూరు వెళ్లి పాత కార్డు వెనక్కి తెచ్చాను. రవిచంద్ర కొడుకు అప్పటికే దాన్ని సినిమాలతో కిక్కిరిసేలా నింపేశాడు. చెరిగినవాటిని వెతికే సాఫ్ట్‌వేరులు నా దగ్గరున్నవన్నీ నడిపాను. షాపు మూసి, వచ్చినవాళ్లను పంపించేసి, రెండు రోజులు దాని ముందే కూర్చున్నాను. హరినాథ్ చొక్కా ఒక మూల, లారీ చక్రం ఒక మూల, అలాంటి విరిగిన బొమ్మలు నాలుగైదు దొరికాయి. గొంతు ఒక్క ముక్క కూడా దొరకలేదు.

మూడో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. బొట్టు ఉందని రుద్దలేదని, ఏడుపొస్తుందని ఆఖరిది చూడలేదని, చూడకుండానే పాతదాన్ని చెరిపేశానని చెప్పాను.

"తప్పు నాది వదినా. ఇంకెవురిదీ కాదు."

భారతమ్మ పటం వైపు తిరిగింది. "బొట్టు పెట్టమన్నది నేను గదా," అంది. "మంచిదనే పెట్టమంటి. నువ్వూ మంచిదనే తుడవకపోతివి. ఇంక ఎవుర్నని ఏమనేది?"

భానుశ్రీ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకానుకుని నేల చూస్తూ ఒక్కమాట అంది.

"అన్నీ వచ్చినాయంటివి గదా చిన్నాయనా."

ఆ మాట ఈ రోజుకీ నాకు వినబడుతుంది. మిగిలిన ఒక్క వీడియోను రెండు సీడీల్లో ఎక్కించి, ఒకటి వాళ్లకిచ్చి, ఒకటి నా బీరువాలో పెట్టుకున్నాను. తర్వాత నెలల తరబడి వాళ్లు షాపు వైపు రాలేదు. రమ్మనే మొహం నాకూ లేదు. నకిలీ సామాను తెచ్చినవాళ్లను తిట్టడం కూడా తగ్గిపోయింది. పసుపు రాసిన వస్తువు ఎవరు తెచ్చినా, ముందు వాళ్లకు దండం పెట్టి, "తుడిస్తే ఏమనుకోవద్దు," అని తుడిచేవాణ్ని. కొందరికి కోపం వచ్చింది. రానియ్యి అనుకున్నాను.

మళ్లీ మామిడికాయల కాలం వచ్చింది. భానుశ్రీ పదో తరగతి పాసైంది, రవిచంద్ర ఆ పిల్లకు కెమెరా సెల్ కొనిచ్చాడు. ఒక రోజు తల్లీకూతుళ్లు గడప దాటి లోపలికొచ్చారు. భారతమ్మ సంచిలోంచి కొత్త కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. సీలు విప్పలేదు. దాని మీద పసుపు లేదు, కుంకుమ లేదు.

"ముందు నువ్వు రుద్దు చక్రధరా," అంది. "దేవుడైనా, ఆయన పటమైనా, తరవాతనే."

సీలు విప్పి రుద్దాను. గట్టిగా, వేలు మండేదాకా రుద్దాను. ఒక్క అక్షరం కదల్లేదు. అయినా నా వేలి మీద నాకు పాత నమ్మకం లేదు.

"ఇది సాలదు వదినా. నిండేదాకా నింపి ఆఖరిది తెరిచి సూడాల. పాపా, దీన్ని నీ సెల్‌లో ఏసుకుని, నీకేం తోస్తే అది తీసి నింపు. నిండినాక నా కాడికి తే."

పదిహేను రోజులకు తెచ్చింది. నేను కంప్యూటరుకు పెట్టి, ఈసారి మొదటిదాని జోలికి పోకుండా నేరుగా ఆఖరిదానికి వెళ్లాను. నొక్కాను.

వంటింట్లో భారతమ్మ. ముందర బుట్ట నిండా బేనీషా మామిడి పండ్లు. ఒక్కొక్కటే తీసి, తొడిమ దగ్గర ముక్కుకు ఆనించి, కళ్లు మూసుకుని వాసన చూసి పక్కన పెడుతోంది. ఒకదాన్ని మాత్రం చాలాసేపు ముక్కు దగ్గరే పట్టుకుంది. అప్పుడు కెమెరా వైపు చూసింది.

"ఇంకా తీస్తానే ఉండావా? దినామూ ఇదే పనా నీకు? సాలు, ఆపు."

"నిండలేదుమా," అంది కనబడని భానుశ్రీ గొంతు. "మాట్లాడు."

ఆ వీడియోను చివరిదాకా చూశాను. కార్డు బయటికి తీసి, భానుశ్రీ చేతిలో పెట్టాను.

"ఇప్పుడు పెట్టు పాపా బొట్టు," అన్నాను.