కుట్టిన పడవకు పూత

మా ఆవిడ పడవ కుట్టింది. మీరు తప్పు చదవలేదు, కుట్టిందనే రాశాను. ముప్పై ఏళ్లు చొక్కాలూ గౌన్లూ కుట్టిన మనిషి, గ్రంథాలయంలో దొరికిన కొలతల పుస్తకం ముందేసుకుని, ప్లైవుడ్ షీట్లను పొడవాటి ముక్కలుగా కోసింది. అంచుల్లో వరసగా కన్నాలు పెట్టి, రాగి తీగతో ముక్కకు ముక్కను కలిపి కుట్టేసింది. అతుకులకు జిగురు పట్టించి, అది గట్టిపడ్డాక తీగలు లాగేసింది. ఆరు నెలలు తిరిగేసరికి మా పెరటి షెడ్డులో పద్నాలుగు అడుగుల పడవ తయారైంది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు ఆవిడ అన్నిటికన్నా ముందు కుట్టింది కూర్చోవడానికి దిండ్లు. అప్పుడు పగలబడి నవ్వాను. పడవ తయారయ్యాక దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను.

నేను గోడలకు రంగులు వేసేవాణ్ణి. తోటి పనివాళ్లు గీతల మేస్త్రి అనేవారు. రెండు రంగులు కలిసేచోట స్కేలు పెట్టకుండా, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క ఊపున గీత లాగేవాణ్ణి. రెండేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. నా ప్రాణం ఆ చేతిలోనే ఉందని ఆయనకేం తెలుసు? కుంచెలన్నీ డబ్బాలో పడేసి అటకెక్కించాను. అప్పట్నుంచి ఇంట్లో చిర్రుబుర్రులాడడమే నా ఉద్యోగం.

"పూత మీరే వెయ్యాలి," అంది మా ఆవిడ ఒకరోజు.

"టీ గ్లాసు ఒలక్కుండా పట్టుకోలేను. ఆరు నెలల కష్టం నా చేతిలో పెడతావా?"

"ముందు రంగు కాదండీ. రెజిన్ పట్టించాలి, చెక్కలోకి నీళ్లు దిగకుండా. రోలరుతో దొర్లించడమే. పొద్దు వాలాక మొదలుపెడితే మంచిదేమో..."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా? ఎండ పడకముందే పని మొదలుపెట్టాలి. నలభై ఏళ్లు అదే చేశాను."

"సరే, మీ ఇష్టం," అంది. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మర్నాడు తెల్లారగానే రెజిన్‌లో గట్టిపరిచే ద్రవం కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని రోలరు పట్టాను. మొదటిసారి దొర్లించగానే ఆగిపోయాను. పాలిపోయి బిస్కెట్ రంగులో ఉన్న చెక్క ఒక్కసారిగా తేనెరంగులోకి తిరిగింది. లోపల దాక్కున్న గీతలన్నీ, సన్నవీ లావువీ, మెలికలు తిరుగుతూ పైకి తేలాయి. ఒక్క గీతా తిన్నగా లేదు, ఒక్కటీ తప్పుగా లేదు. నా బతుకంతా ఉన్నదాన్ని కప్పే రంగులే వేశాను. ఈ పూత ఉన్నదాన్ని చూపిస్తోంది. "ఇలా రావే, చూడు!" అని కేకేశాను. ఆవిడ పరిగెత్తుకొచ్చి ఆ గీతల మీదికి వంగి చూసింది.

తొమ్మిదయ్యేసరికి ఎండ షెడ్డు రేకుల మీదికి ఎక్కింది. పూతలో ఒక బుడగ లేచింది. చిదిపాను. పక్కన నాలుగు లేచాయి. రోలరుతో నొక్కితే పదయ్యాయి. మధ్యాహ్నానికి పడవంతా ఆటలమ్మ పోసినట్టు బుడగలు గట్టిపడిపోయాయి. అక్కడే నేలమీద కూలబడ్డాను.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల! చెప్పానా లేదా, నాకివ్వొద్దని?"

"తొక్కాంగా, కడుక్కుందాం," అంటూ ఉప్పు కాగితం చేతిలో పెట్టింది. "తప్పు మీ చేతిది కాదు. చెక్కలో గాలి ఉంటుంది. వేడెక్కేటప్పుడు బయటికొస్తుంది, చల్లబడేటప్పుడు లోపలికి పోతుంది."

మూడు రోజులు రుద్దాం. రుద్దే పనిలో వణుకు ఎవరికీ తెలియదు. పైగా నా చెయ్యే ఆవిడ చేతికన్నా రెండింతలు పని చేసింది. ఇన్నాళ్లకు దీనికి తగ్గ కొలువు దొరికిందని నవ్వుకున్నాను. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం వరకు షెడ్డు తలుపులు మూసి పడవను వేడెక్కనిచ్చాం. పొద్దు వాలాక తలుపులు తెరిచి మళ్లీ పూత వేశాను. తడి మెరుస్తూ నిలిచిన చోటల్లా కాసేపటికి మెల్లగా లోపలికి ఇంకిపోతోంది. చెక్క ఊపిరి పీల్చుకుంటోంది. ఎప్పుడో నరికేసిన మాను, పలచటి పొరలుగా చీల్చి అతికించిన మాను, నా కళ్లముందు గుటక వేస్తోంది. ఒక్క బుడగ లేదు. గట్టిగా మాట్లాడడానికి కూడా భయమేసింది నాకు.

ఆ తర్వాత ఇంకో రెండు పూతలు వేశాం. నీళ్లతో కడిగి, మళ్లీ రుద్ది, లోపల వార్నిష్, బయట పచ్చరంగు వేశాం. ఇక మిగిలింది పై అంచు కింద, పచ్చరంగూ చెక్కా కలిసేచోట, ఎర్రగీత. ఆవిడ అడగలేదు. అటక మీది కుంచెలు మాత్రం దించి బల్లమీద పెట్టింది.

ముందు ఏదైనా పనికిరాని ముక్క మీద చెయ్యి చూసుకుందామని కోత ముక్కల బుట్ట వెతికాను. అడుగున రెండు చెక్కముక్కలు దొరికాయి. రెండింటికీ రెజిన్ పూసి ఉంది. ఒకటి నిండా బుడగలు, వెనక ఆవిడ రాత: పొద్దున. రెండోది అద్దంలా ఉంది: పొద్దు వాలాక. కింద తేదీ వేసింది. రెండు నెలల కిందటిది.

తల కొట్టేసినట్టయింది. ముక్కలు తీసుకెళ్లి ఆవిడ కుట్టుమిషన్ మీద పడేశాను.

"అంతా తెలిసే నన్ను చెడగొట్టనిచ్చావా?"

మిషన్ ఆపింది. "చెప్పబోయాను కదా. ఇంకోమాట అంటే రోలరు అక్కడే పడేసి పోయేవారు."

"పడవ పాడైపోయి ఉంటే?"

"పడవ చెడితే రుద్దుకుంటాం. లేదంటే ఇంకోటి కుడతాను. అప్పటికి మీరు చుక్క రంగు ముట్టుకుని రెండేళ్లయింది. మిమ్మల్ని ఎక్కణ్ణుంచి కుట్టుకురాను?"

నాకు కోపం ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. రెండూ కలిసి వస్తే మొహం ఎలా ఉంటుందో గానీ, ఆవిడ మర్యాదగా కిటికీవైపు తిరిగింది.

షెడ్డుకు వెళ్లాను. ఎరుపు డబ్బా మూత తీసి కుంచె ముంచాను. చెయ్యి వణుకుతోంది. అది ఆగేదాకా ఉండాలంటే బతుకంతా ఉండాలి. కుంచె పడవ ముందు కొస దగ్గర ఆనించి, వణికే చేత్తోనే లాగడం మొదలుపెట్టాను.